జనరేటరు పలకాలంటే బ్యాటరీ బతకాలి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు ‘విజయానికి సోపానాలు’ లాంటిది రాద్దామని కూర్చున్నాము. రెండు పేజీలు రాసి చింపేశాము. అలాంటివి ఈ సంచికలో మిగతావారు మాకంటే బాగా రాస్తారు. ఇంతలో పూర్వ విద్యార్థులంతా చందాలు వేసుకొని హాస్టలుకు కొత్త జనరేటరు ఇవ్వబోతున్నారని తెలిసింది. సంతోషం కలిగింది, వెంటనే చిన్న భయమూ కలిగింది. ఎందుకంటే మన హాస్టలుకు ఇది మొదటి జనరేటరు కాదు. మొదటిది అవసరమైన రోజున ఎందుకు పలకలేదో మేము కళ్లారా చూశాము. ఆ సంగతీ, ఈసారి అలా జరగకుండా మనం చేయవలసిన పనులూ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హుద్‌హుద్ రోజు

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. అప్పుడు మేము ఏడో తరగతి. ఇళ్లు దగ్గరున్న పిల్లలను ముందురోజే తల్లిదండ్రులు వచ్చి తీసుకుపోయారు. ఊళ్లు దూరమైన ముప్పై మందిమి హాస్టల్లోనే మిగిలాము. రాత్రికి గాలి తగ్గింది గానీ కరెంటు రాలేదు. ఎక్కడికక్కడ స్తంభాలు పడిపోయాయి, ఇప్పట్లో రాదన్నారు. మరునాడు పొద్దున్నకే మేడ మీది ట్యాంకు ఖాళీ అయిపోయింది. బోరు మోటారు తిరగాలంటే కరెంటు కావాలి.

అప్పుడు అందరికీ షెడ్డులోని జనరేటరు గుర్తుకొచ్చింది. అదీ పాత విద్యార్థులు ఇచ్చినదే. పెట్రోలుతో నడిచేది, ఇద్దరు మోసుకెళ్లగలిగేంతది. దానికి బటన్ నొక్కితే స్టార్టయ్యే సెల్ఫ్ ఉంది. వాచ్‌మన్ మామయ్య గోనెసంచి తీసి, తాళం తిప్పి, బటన్ నొక్కాడు. ‘టక్’ మంది. అంతే. మళ్లీ నొక్కాడు, మళ్లీ ‘టక్’. నాలుగోసారి ఆ శబ్దమూ రాలేదు.

“బ్యాటరీ చచ్చిపోనాదిరా బాబూ” అన్నాడు.

చేత్తో లాగే తాడు కూడా దానికి ఉండేది. అది అంతకు ముందే తెగిపోతే, సెల్ఫ్ ఉంది కదా, తాడెందుకని ఎవరూ వేయించలేదు. ఆ రెండు రోజులూ పెద్దపిల్లలు వీధి చివరి నేలబావి నుంచి బకెట్లతో నీళ్లు మోశారు. రెండో రోజు రాత్రి మా గదిలోని కుర్రాడొకడు చీకట్లో బావిగట్టు మీద జారిపడ్డాడు, కుడిచెయ్యి విరిగింది. కట్టు కట్టించడానికి తీసుకువెళ్లాలన్నా రోడ్ల నిండా చెట్లే. మూడో రోజున ఒక ట్రాక్టరు మెకానిక్ వచ్చి, తన ట్రాక్టరు బ్యాటరీ నుంచి రెండు తీగలు కలిపి బటన్ నొక్కాడు. జనరేటరు ఒక్క పట్టుకే పలికింది. గంటలో ట్యాంకు నిండింది.

అంటే యంత్రంలో ఏ లోపమూ లేదు. అంత పెద్ద యంత్రమూ చిన్న బ్యాటరీ దగ్గర ఆగిపోయింది. తప్పు ఏ ఒక్కరిదీ కాదు. జనరేటరు ఉంటే చాలనుకున్నామే గానీ, దాని బ్యాటరీకి కూడా తిండి పెట్టాలని మాలో ఎవరికీ తెలియదు. ఆ కుర్రాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. చెయ్యి మాత్రం కొద్దిగా వంకరగానే అతికింది.

వాడకపోతే బ్యాటరీ ఎందుకు చస్తుంది?

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లం మేమే మొదలు. మా నాన్నగారు బెల్లం క్రషర్ దగ్గర పని చేసేవారు. అక్కడి డీజిలు ఇంజనుకు బ్యాటరీ అనేదే ఉండేది కాదు, హ్యాండిలు వేసి తిప్పేవారు. సీజను ముగిశాక ఆరు నెలలు మూలన పడి ఉన్నా, ఆరుసార్లు తిప్పితే పలికేది. అందుకే కాబోలు, వాడకుండా ఉంచిన వస్తువు పాడవుతుందంటే చిన్నప్పుడు మేము నమ్మలేకపోయేవాళ్లం. ఎమ్మెస్సీ రసాయన శాస్త్రంలో చేరాక అసలు సంగతి అర్థమైంది.

జనరేటరులో ఉండేది సాధారణంగా సీసం-ఆమ్లం బ్యాటరీ. 1859లో ఫ్రాన్సు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతే నేటికీ నడుస్తున్నది. లోపల ఆరు అరలు ఉంటాయి, ఒక్కో అర సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఒక పలక సీసం, ఇంకొకటి లెడ్ డయాక్సైడు, మధ్యలో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. కరెంటు వాడుకున్నప్పుడు రెండు పలకల మీదా లెడ్ సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పలచబడుతుంది. చార్జింగు పెడితే ఈ చర్య వెనక్కు తిరుగుతుంది.

అయితే మనం వాడకపోయినా ఈ చర్య లోలోపల నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. కుండలో పోసిన నీరు తాగకపోయినా తగ్గుతుంది గదా, అలాగన్నమాట. మామూలుగా నెలకు నూటికి ఐదు వంతుల దాకా ఇలా పోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. మే నెలలో మన రేకుల షెడ్డు ఎంత కాలుతుందో తమ్ముళ్లకు చెప్పనక్కరలేదు. దీనికి తోడు తాళం ‘ఆన్’లో మరిచిపోయినా, జనరేటరుకు చిన్న దీపమో మీటరో ఉన్నా, అవి రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి.

అసలు నష్టం ఆ తరువాత మొదలవుతుంది. చార్జి తగ్గిన బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే మెత్తని లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారిపోతుంది. పాకం మెత్తగా ఉన్నప్పుడు కలిపితే కలుస్తుంది, గడ్డకట్టి అచ్చయ్యాక గరిటె దిగదు. ఇదీ అంతే. అప్పుడు ఎంత చార్జింగు పెట్టినా పాత బలం తిరిగి రాదు. అందుకే ‘అవసరమైనప్పుడు చార్జి చేద్దాంలే’ అనే మాట బ్యాటరీ దగ్గర చెల్లదు.

మన ఊళ్లో నూకాంబిక అమ్మవారి కొత్త అమావాస్య జాతరకు వచ్చే జనరేటర్లను చూడండి. రోజూ తిరుగుతాయి గనక వాటి బ్యాటరీలు చార్జి అవుతూనే ఉంటాయి. మనది ఏడాదికి రెండు రోజులు పనిచేసి, మిగతా రోజులు నిద్రపోయే రకం. కాబట్టి మన బ్యాటరీకే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఐదు నిమిషాలు తిప్పితే సరిపోతుందా?

చాలామంది చెప్పే సలహా: “నెలకోసారి స్టార్టు చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేయండి.” ఇది సగం నిజం. లెక్క వేసి చూద్దాం.

మన బ్యాటరీ 12 ఆంపియర్-అవర్లది అనుకుందాం. సెల్ఫ్ మోటారు 80 ఆంపియర్లు లాగుతూ 3 సెకన్లు తిరిగిందనుకుందాం. 80ని 3తో గుణించి, గంటలో ఉండే 3600 సెకన్లతో భాగిస్తే 0.07 ఆంపియర్-అవర్లు. బ్యాటరీలో ఇది చాలా చిన్న ముక్క. అంటే స్టార్టు చేయడం వల్ల బ్యాటరీ పెద్దగా ఖాళీ కాదు. నెలంతా ఊరికే కూర్చోవడం వల్ల పోయేది నూటికి ఐదు వంతులు, అంటే 0.6 ఆంపియర్-అవర్లు. స్టార్టింగు ఖర్చుకు ఎనిమిది రెట్లకు పైనే!

ఇప్పుడు ఆదాయం చూద్దాం. చిన్న జనరేటర్లలో స్టార్టింగు బ్యాటరీని చార్జి చేసే కాయిలు కూడా చిన్నదే. అది 1 ఆంపియరు ఇస్తుందనుకుంటే, స్టార్టింగుకు ఖర్చయినది తిరిగి రావడానికే నాలుగైదు నిమిషాలు పడుతుంది. నెల రోజుల్లో పోయినది కూడా రావాలంటే ఇంకో 36 నిమిషాలు కావాలి. లోపల వృథా అయ్యేది కూడా కలుపుకుంటే సుమారు గంట. కాబట్టి ఐదు నిమిషాలు తిప్పి ఆపితే ఆ పూట ఖర్చు ఆ పూటకు సరిపోతుంది, అప్పు అప్పుగానే ఉంటుంది.

మరేం చేయాలి? మూడు దారులు ఉన్నాయి.

మొదటి దారి: కరెంటు ఉన్నప్పుడే చార్జరు

అన్నిటికంటే తేలికైనది ఇదే. మన హాస్టల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు కరెంటు ఉంటుంది. చిన్న ఆటోమేటిక్ 12 వోల్టుల చార్జరు ఒకటి కొని షెడ్డులో గోడకు బిగిస్తే చాలు. కొనేటప్పుడు రెండు సంగతులు చూడాలి.

ఒకటి, చార్జింగు కరెంటు. బ్యాటరీ ఆంపియర్-అవర్లలో పదో వంతు మంచిది. 12 అయితే 1.2 ఆంపియర్లు. లారీ బ్యాటరీలను చార్జి చేసే పెద్ద చార్జరుకు తగిలిస్తే చిన్న బ్యాటరీ ఉడికిపోతుంది. ఇన్వర్టరు చార్జింగు కూడా పెద్ద బ్యాటరీ కోసం చేసినది గనక దానికీ కలపకూడదు. సెల్‌ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లు అసలే పనికిరావు.

రెండు, నిండాక తనంతట తాను తగ్గే గుణం. మంచి చార్జరు మొదట సుమారు 14.4 వోల్టుల దాకా తీసుకువెళ్లి, నిండిన తరువాత 13.5 నుంచి 13.8 మధ్యకు దిగి అక్కడే కాపాడుతుంది. అలాంటిదైతే నెలల తరబడి తగిలించి ఉంచవచ్చు. మామూలు చార్జరైతే పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ నిండడానికి 12 నుంచి 14 గంటలు పడుతుంది. ఆ తరువాత తప్పకుండా తీసేయాలి.

రెండో దారి: జనరేటరుతోనే చార్జింగు

కరెంటు రోజుల తరబడి లేనప్పుడు ఏం చేయాలి? ఇక్కడ ఒక చిన్న ఉపాయం ఉంది. సినిమా షూటింగుల దగ్గర క్యారవాన్లు చూసి ఉంటారు. అమెరికాలో చాలామంది అలాంటి ఇల్లులాంటి బండ్లలో అడవులకూ కొండలకూ వెళ్లి రోజుల తరబడి ఉంటారు. అక్కడ కరెంటు ఉండదు గనక వెంట జనరేటరు తీసుకుపోతారు. వారికీ మన సమస్యే. పొద్దున్న లేచి బటన్ నొక్కితే ‘టక్’ మంటుంది. అలాంటి చోట పనికివచ్చే ఉపాయం ఏమిటంటే, జనరేటరు తిరుగుతున్నప్పుడు దాని ప్లగ్గుకే బ్యాటరీ చార్జరును పెట్టడం. లోపలి చిన్న కాయిలు మీద ఆధారపడకుండా చార్జరు తన పూర్తి బలంతో పని చేస్తుంది. తుఫాను రోజుల్లో మోటారు వేసి ట్యాంకు నింపేటప్పుడు పక్కన చార్జరు కూడా తగిలిస్తే, రేపటి స్టార్టింగుకు ఈరోజే ఏర్పాటు చేసుకున్నట్లు.

మూడో దారి: సోలారు పలక

షెడ్డులో ప్లగ్గు లేకపోతే 10 వాట్ల చిన్న సోలారు పలకను కప్పు మీద పెట్టవచ్చు. మంచి ఎండలో అది సుమారు అర ఆంపియరు ఇస్తుంది. చచ్చిన బ్యాటరీని లేపడానికి ఇది చాలదు గానీ, నిండిన బ్యాటరీని నిండుగా ఉంచడానికి చాలు. మధ్యలో చార్జి కంట్రోలరు తప్పనిసరి. అది లేకపోతే ఎండాకాలంలో బ్యాటరీ నీళ్లు ఇగిరిపోతాయి.

బ్యాటరీ నాడి చూడటం

రెండు వందలకో మూడు వందలకో దొరికే మల్టీమీటరు ఒకటి హాస్టల్లో ఉండాలి. చార్జింగు తీసేసి కొన్ని గంటలు ఆగాక కొలవాలి. అప్పుడు:

12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్లు.
12.4 ఉంటే ముప్పావు వంతు. చార్జింగు పెట్టాలి.
12.2 ఉంటే సగం. ఆలస్యం చేయకూడదు.
12.0 ఉంటే పావు వంతు. ప్రమాదం.
11.8కి దిగితే ఖాళీ.

చూశారా, నిండుకూ ఖాళీకీ మధ్య తేడా ఒక వోల్టు కూడా లేదు. “12 వోల్టుల బ్యాటరీ, 12 చూపిస్తోంది, బాగానే ఉంది” అనుకుంటే మోసపోతాము.

సెల్ఫ్ నొక్కుతున్నప్పుడు కూడా ఒకసారి చూడాలి. 9.6 కంటే కిందకు పడిపోతే బ్యాటరీ నీరసించినట్లు. నిండుగా చార్జి చేశాక కూడా అలాగే పడితే దాని ఆయుష్షు తీరినట్లే. ఇంజను తిరుగుతున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపిస్తే చార్జింగు అందుతున్నట్లు. 12.5 దగ్గరే నిలిచిపోతే కాయిలో, ఫ్యూజో పోయి ఉండవచ్చు, మెకానిక్‌కు చూపించాలి.

నీళ్లు, తుప్పు, స్పానరు

మూతలున్న బ్యాటరీ అయితే నెలకోసారి నీటిమట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. మన బోరు నీళ్లలో లవణాలుంటాయి, అవి పలకలను పాడుచేస్తాయి. ఆమ్లం ఎప్పుడూ పోయకూడదు, ఇగిరేది నీరే గానీ ఆమ్లం కాదు. సీలు వేసిన బ్యాటరీ అయితే దాన్ని తెరిచే ప్రయత్నమే చేయవద్దు.

కొనల మీద తెల్లగానో పచ్చగానో బూజులాంటి పొడి పేరుకుంటే వంట సోడా కలిపిన నీళ్లతో, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, కొంచెం పెట్రోలియం జెల్లీ రాయాలి. బ్యాటరీ బాగానే ఉన్నా ఈ పొడి వల్ల కరెంటు అందక ‘టక్’ మనే సందర్భాలు చాలా ఉన్నాయి. ముందు ఇది చూసి, తరువాతే కొత్త బ్యాటరీ సంగతి ఆలోచించాలి.

తీగలు విప్పేటప్పుడు ముందు నలుపు (మైనస్), బిగించేటప్పుడు ముందు ఎరుపు (ప్లస్). ఎందుకంటే మైనస్ తీగ జనరేటరు ఇనుప చట్రానికి కలిసి ఉంటుంది. అది విప్పకుండా ప్లస్ మీద స్పానరు పెడితే, ఆ స్పానరు చట్రానికి తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయి. చార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, రవ్వ చాలు అంటుకోవడానికి. కాబట్టి దగ్గర అగ్గిపుల్ల, దీపం పనికిరావు. కళ్ల మీద ఆమ్లం పడితే ఆలోచించకుండా ధారాళంగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

బటన్‌ను హింసించవద్దు

ఇంజను పలకకపోతే మనం చేసే మొదటి పని నొక్కుతూనే ఉండటం. చాలా బ్యాటరీలు అలాగే చస్తాయి. నొక్కే ముందు నాలుగు చూడండి: పెట్రోలు కుళాయి తెరిచి ఉందా, చోక్ లాగారా, ఇంజన్ ఆయిల్ సరిపడా ఉందా, మోటారు, లైట్ల లోడు తీసి ఉందా. చాలా జనరేటర్లలో ఆయిల్ తక్కువైతే ఇంజను అంటుకోకుండా ఆపే స్విచ్చి ఉంటుంది. అప్పుడు సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది, ఇంజను మాత్రం పలకదు. బ్యాటరీ అయిపోయేదాకా నొక్కినా ప్రయోజనం ఉండదు.

ఒకసారికి ఐదు సెకన్లకు మించి నొక్కవద్దు. మధ్యలో పదిహేను సెకన్లయినా ఆగాలి. ఇక లాగే తాడు. దయచేసి ఆ తాడును ఎప్పుడూ మంచి స్థితిలో ఉంచండి. తాడుకు చార్జింగు అక్కరలేదు.

పక్క బ్యాటరీ అరువు తెచ్చుకోవడం

అన్నీ చేసినా ఒకరోజు బ్యాటరీ దిగిపోవచ్చు. అప్పుడు కారు, ట్రాక్టరు, మోటారు సైకిలు దేని 12 వోల్టుల బ్యాటరీ అయినా సాయపడుతుంది. ఆ బండి ఇంజను ఆపి ఉంచాలి. ఎర్ర తీగ ముందు మన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొన వారి ప్లస్‌కు. నల్ల తీగ వారి మైనస్‌కు, చివరి కొన మన జనరేటరు చట్రం మీద రంగు లేని ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. స్టార్టు అయ్యాక ఇదే వరుసను తలకిందులుగా చేసి విప్పాలి.

ఒక్క హెచ్చరిక. మనది హైవే ఊరు, లారీలు ఎక్కువ. చాలా లారీలలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటుంది. పొరపాటున దానికి కలిపితే మన జనరేటరు వైరింగు కాలిపోతుంది.

ప్రాణానికి సంబంధించిన రెండు మాటలు

చార్జింగు కోసమే అయినా జనరేటరును గదిలో, వరండాలో, మూసిన షెడ్డులో నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరుబయట, కిటికీలకు దూరంగా పెట్టాలి. అలాగే జనరేటరు తీగను గోడ ప్లగ్గులో గుచ్చి హాస్టలు మొత్తానికి కరెంటు ఇవ్వాలని చూడవద్దు. ఆ కరెంటు బయటి లైనులోకి వెళ్లి, స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్‌ను చంపగలదు. ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్చి పెట్టించాలి.

తమ్ముళ్లకు ఒక మనవి

షెడ్డు తలుపు లోపలి వైపు ఒక అట్ట అంటించండి. మీద నాలుగే గడులు: తేదీ, వోల్టులు, ఎంతసేపు తిప్పారు, సంతకం. ప్రతి నెలా మొదటి ఆదివారం తొమ్మిదో తరగతి నుంచి ఇద్దరు, వాచ్‌మన్‌గారి ఎదుట, ఈ పని చేయాలి. ఆ గంటసేపూ ఊరికే తిప్పకుండా మోటారు వేసి ట్యాంకు నింపండి. పదో తరగతికి వెళ్లేటప్పుడు తరువాతి బ్యాచిలో ఇద్దరికి నేర్పి వెళ్లాలి. వార్డెన్లు బదిలీ అవుతారు, మేమూ పాసై వెళ్లిపోయాము. అట్ట మీద సంతకాలు మాత్రం ఆగకూడదు.

బ్యాటరీ సాధారణంగా మూడు నాలుగేళ్లు వస్తుంది. అది తీరిపోయాక పాతదాన్ని పెరట్లో పడేయకండి, సీసం విషం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం కూడా పాత బ్యాటరీ రీసైక్లింగుకే వెళ్లాలి. కొత్తది కొన్న దుకాణంలో ఇస్తే ధర కొంత తగ్గిస్తారు.

అన్నలకూ ఒక మాట. జనరేటరు ఇచ్చే రోజున ఫొటో దిగుతాము, సంతోషమే. దానితోపాటు ఒక చార్జరు, ఒక మల్టీమీటరు, ఒక సీసా డిస్టిల్డ్ వాటర్, ఒక కొత్త తాడు కూడా ఇద్దాం. జనరేటరు ధరలో ఇవి చిన్న భాగం. కానీ ఆ చిన్న భాగం లేకపోవడం వల్లనే ఒకప్పుడు మన హాస్టలు పిల్లలు చీకట్లో బావి దగ్గరికి వెళ్లవలసి వచ్చింది.

తుఫాను మళ్లీ వస్తుంది, సముద్రం పక్కన ఉన్నవాళ్లకు అది తప్పదు. ఆ రాత్రి ఏడో తరగతి తమ్ముడొకడు బటన్ నొక్కితే ‘టక్’ మనకుండా ఇంజను పలకాలి, ట్యాంకులోకి నీళ్లు ఎక్కాలి. మా కోరిక అంతే.

ఇట్లు
మన హాస్టలు పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ
అనకాపల్లి